రెండో గంటలో తెలిసే తేడా: హెడ్‌ఫోన్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రాత్రి భోజనం అయ్యాక రెండు మూడు గంటలు కర్ణాటక సంగీత కచేరీలు, పాత సినిమా పాటలు వినడం నాకు ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. పదవీ విరమణ డబ్బులో కొంత పక్కన పెట్టి మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కోవాలని అనుకుంటున్నాను. వెతికి వెతికి చివరికి మూడింటి దగ్గర ఆగాను: సెన్‌హైజర్ హెచ్‌డి 800 ఎస్, ఆడిసీ ఎల్‌సిడి-ఎక్స్, ఫోకల్ యుటోపియా. నాదంలో ఏది మేలు? ధరించడానికి ఏది హాయి?
– హనుమకొండ నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: మీరు రెండు ప్రశ్నలు అడిగారు కాని, రోజూ రెండు మూడు గంటలు వినేవారి విషయంలో అవి రెండూ ఒకటేనని నా నమ్మకం. మొదటి పావుగంటలో ఈ మూడూ అద్భుతంగానే ఉంటాయి. గంట దాటాక మెడ లాగుతున్నా, మాడు మీద పట్టీ ఒత్తుతున్నా, మనసు రాగం మీద నిలవదు. అలాగే పై స్థాయిలో కాస్త పదును ఎక్కువైన నాదం మొదట్లో ఎంతో స్పష్టంగా ఉన్నట్టు తోచి, ఆ తరువాత చెవిని అలసిపోయేలా చేస్తుంది. అందుకని ముందుగా బరువులు చెబుతాను. హెచ్‌డి 800 ఎస్ తీగ కాకుండా 330 గ్రాములు, యుటోపియా 490 గ్రాములు, ఎల్‌సిడి-ఎక్స్ 612 గ్రాములు.

ఈ తేడాకు కారణం వాటి లోపలి నిర్మాణంలోనే ఉంది. ఎల్‌సిడి-ఎక్స్‌లో 106 మిల్లీమీటర్ల వెడల్పున్న పలుచని పొర మీద వాహకపు గీతలు పరిచి, దాన్ని వరుస అయస్కాంతాల సరసన నిలబెడతారు. ప్లేనార్ మాగ్నెటిక్ పద్ధతి అంటే ఇదే. మామూలు డ్రైవర్‌లో, అంటే ధ్వనిని పుట్టించే భాగంలో, తీగచుట్ట పొరను ఒక చోట పట్టి కదిలిస్తే, ఇక్కడ విద్యుత్తు పొర అంతటా పరుచుకుని ఉంటుంది కనుక మొత్తం పొర దాదాపు ఒకేసారి కదులుతుంది. మృదంగం ఎడమ వైపున తొప్పి మోగినప్పుడు ఆ నాదం దిగువ దాకా చెదరకుండా వినిపించడం ఈ పద్ధతి ఇచ్చే వరం. ఆ వరాన్ని అయస్కాంతాల బరువు రూపంలో మన మెడే మోయాలి. పైగా ఎల్‌సిడి-ఎక్స్‌లో గాత్రం ఒక అడుగు వెనక్కి జరిగినట్టు నాకు వినిపిస్తుంది. మన బయటి చెవి సహజంగానే 3,000 హెర్ట్జ్ ప్రాంతంలోని ధ్వనిని పెంచి లోపలికి పంపుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు ఆ సహజమైన పెరుగుదల మారిపోతుంది కాబట్టి, తయారు చేసేవారే దాన్ని నాదంలో కలపాలి. ఈ నమూనాలో ఆ పాలు కొంత తక్కువ. సంగీతంలో గాత్రమే ప్రాణం అనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

హెచ్‌డి 800 ఎస్ దారి వేరు. ఇందులో 56 మిల్లీమీటర్ల ఉంగరం ఆకారపు డ్రైవర్‌ను చెవికి దూరంగా, కొంచెం ముందువైపు నుంచి ఏటవాలుగా అమర్చారు. చెవిని కప్పే గిన్నె ఎంత విశాలమంటే చెవి లోపల దేనికీ తగలదు. కచేరీ రికార్డింగులో వయొలిన్ ఒక పక్క, మృదంగం మరొక పక్క, ఘటం కాస్త వెనుక కూర్చున్నట్టు చోటు చోటుగా తెలియడంలో దీనికి సాటి వచ్చేవి చాలా తక్కువ. అయితే 2009లో వచ్చిన మొదటి హెచ్‌డి 800కు 6,000 హెర్ట్జ్ దగ్గర ఒక పదునైన ఎత్తు ఉండేది. గాయకుడు ‘శ’, ‘స’ పలికినప్పుడు అవి ఈలలా వినిపించడమూ, తంబుర జీవనాదం ఉండవలసిన దానికంటే కరుకుగా తోచడమూ ఆ ఎత్తు వల్లనే. 2016 నుంచి దొరుకుతున్న ఎస్ నమూనాలో ఆ ఎత్తుకు కారణమైన అనునాదాన్ని పీల్చుకునే అమరికను చేర్చారు. దోషం బాగా తగ్గింది కాని పూర్తిగా పోలేదు. శ్రుతి కోసం తంబురనే ఆసరాగా చేసుకుని వినే చెవి దాన్ని పసిగడుతుంది.

2016లోనే ఫ్రాన్స్‌లో పుట్టిన యుటోపియాలో డ్రైవర్ పొర బెరీలియంతో చేసినది. ఆ లోహం చాలా తేలిక, చాలా గట్టి. మృదంగం మీద వేలు పడిన క్షణం, వీణ తీగ మీద మీటు పడిన క్షణం దీనిలో ఉలిక్కిపడేంత నిజంగా ఉంటాయి. కాని వేదిక ఇరుకు. కళాకారులు మీ ఎదురుగా కాక, మీ చెవుల పక్కనే కూర్చున్నట్టు అనిపిస్తుంది. చిల్లులున్న తోలు మెత్తలు మృదువుగా ఉంటాయి కనుక 490 గ్రాముల బరువు మొదట తెలియదు. గంటన్నర తరువాత తెలుస్తుంది.

ఇక పాత సినిమా పాటల మాట. అవి ఎక్కువగా మోనో రికార్డింగులు, అంటే రెండు చెవులకూ ఒకే ధ్వని అందేవి. హెడ్‌ఫోన్లలో మోనో ధ్వని తల మధ్యలోనే నిలుస్తుంది కాబట్టి, హెచ్‌డి 800 ఎస్ విశాలత వాటికి అక్కరకు రాదు. పైపెచ్చు, ఆ పదును పాత రికార్డుల గీతల చప్పుడును పైకి తెస్తుంది. ఈ పాటలకు 1997 నుంచి వస్తున్న సెన్‌హైజర్ హెచ్‌డి 600 నా మొదటి ఎంపిక. దాని బరువు 260 గ్రాములు, మెత్తలు మఖమల్ గుడ్డవి, గాత్రాన్ని ముందుకు తెచ్చి నిలబెట్టే గుణం దానిది. ధర కూడా మీరు చెప్పిన మూడింటిలో దేనికన్నా ఎంతో తక్కువ. కొత్తలో కణతల దగ్గర గట్టిగా పట్టేస్తుంది కాని, కొన్ని వారాల్లో సడలుతుంది. మీరు వినేదాంట్లో కచేరీలే ముప్పాతిక వంతు అయితే హెచ్‌డి 800 ఎస్ తీసుకోండి. సినిమా పాటలే సగానికి మించితే ముందు హెచ్‌డి 600 తెచ్చుకుని ఆరు నెలలు వినండి. మిగిలిన డబ్బు ఎక్కడికీ పోదు.

ప్రశ్న: ఇక్కడి దుకాణంలో హెచ్‌డి 800 ఎస్, ఎల్‌సిడి-ఎక్స్ రెండూ ఒకే ఆంప్లిఫయర్‌కు మార్చి మార్చి తగిలించి, పది పది నిమిషాలు విన్నాను. ఎల్‌సిడి-ఎక్స్ ఎంతో నిండుగా అనిపించి అదే కొన్నాను. ఇంటికి వచ్చాక ఆ తేడా అంతగా కనిపించడం లేదు. నా చెవి మోసపోయిందా?
– డాలస్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

జవాబు: మీ చెవి మోసపోలేదు. మీరు చేసిన పోలికలో ఒక జాగ్రత్త లోపించింది. దుకాణంలో వాల్యూమ్ మీటతో రెండింటి శబ్దాన్నీ సరిగ్గా సమానం చేయకుండానే ఒకటి తీసి మరొకటి తగిలించి ఉంటారు. హెచ్‌డి 800 ఎస్‌కు ఒక వోల్ట్ ఇస్తే 102 డెసిబెళ్ల శబ్దం వస్తుందని తయారీదారు లెక్క. ఎల్‌సిడి-ఎక్స్ ఇంపీడెన్స్, అంటే విద్యుత్తుకు అది చూపే అడ్డు, 20 ఓమ్‌లు, ఒక మిల్లీవాట్‌కు 103 డెసిబెళ్లు. అదే ఒక వోల్ట్ దీనికి ఇస్తే 50 మిల్లీవాట్లు అందుతాయి, అంటే శబ్దం సుమారు 120 డెసిబెళ్లకు చేరుతుంది. ఒకే మీట స్థానంలో రెండింటి మధ్య దాదాపు 18 డెసిబెళ్ల తేడా అన్నమాట. మీరు అంతటి తేడాను గమనించి మీటను కొంత తగ్గించే ఉంటారు. అయినా చివరికి ఒకటి రెండు డెసిబెళ్లు మిగిలిపోతే చాలు, చెవి దాన్ని ‘ఎక్కువ శబ్దం’గా గుర్తించదు, ‘మెరుగైన నాదం’గానే గుర్తిస్తుంది. కింది స్థాయి స్వరాలు నిండుగా, వివరాలు దగ్గరగా తోస్తాయి.

ఇకముందు పోల్చవలసి వస్తే, రెండింటిలోనూ ఒకే నిలకడైన శబ్దాన్ని, ఉదాహరణకు వాన హోరు లాంటి పింక్ నాయిస్‌ను, మార్చి మార్చి వింటూ సమానంగా తోచేదాకా మీటను సర్దండి. ఆ రెండు స్థానాలనూ కాగితం మీద రాసుకోండి. తరువాత బాగా ఎరిగిన ఒకే రికార్డింగులోని ఒకే నిమిషాన్ని వినండి. కొత్త రికార్డింగుతో పరీక్షించకండి. ఏ తేడా హెడ్‌ఫోన్లదో, ఏ తేడా పాటదో అప్పుడు చెప్పలేం.

ఇదంతా సగం పరీక్ష మాత్రమే. మిగతా సగం ఇంట్లోనే జరగాలి. ఒక సాయంత్రం ఒకటి, మరుసటి సాయంత్రం మరొకటి, ఒక్కోటి రెండేసి గంటలు పెట్టుకుని, దేని గురించీ ఆలోచించకుండా వినండి. సర్దుకోవడానికి మీ చెయ్యి తనంతట తాను ఎన్నిసార్లు పట్టీ మీదికి వెళ్లిందో, పాటకు పాటకు మధ్య ఎన్నిసార్లు తీసి పక్కన పెట్టారో గుర్తుంచుకోండి. రెండో గంటలో కూడా తియ్యబుద్ధి కానిదే మీది. ఎల్‌సిడి-ఎక్స్ మీకు ఆ పరీక్షలో నెగ్గితే, దుకాణంలో పోలిక తప్పుగా జరిగినా కొనుగోలు తప్పు కాదు. నెగ్గకపోతే, వాపసు గడువు దాటక ముందే నిర్ణయించుకోండి.

ప్రశ్న: నేను కళ్లద్దాలు పెట్టుకుంటాను. మా ఊళ్లో ఉక్కపోత సంగతి మీకు తెలిసిందే. తోలు మెత్తలున్న హెడ్‌ఫోన్లు అరగంటకే చెమటతో తడిసిపోతున్నాయి. గుడ్డ మెత్తలు వేయించుకుంటే సరిపోతుందా?
– విశాఖపట్నం నుంచి ఒక అధ్యాపకురాలు

జవాబు: హాయిగా ఉంటుంది, కాని మీరు వింటున్న హెడ్‌ఫోన్లు అవే అయి ఉండవు. మెత్త అంటే కూర్చోవడానికి వేసుకునే దిండు కాదు, అది నాదాన్ని మలిచే గదికి గోడ. తోలు గాలిని ఆపుతుంది, గుడ్డ వదిలేస్తుంది. ఆ గాలితో పాటు కింది స్థాయి స్వరాల బలం కొంత పోతుంది. మెత్త మందం మారితే డ్రైవర్‌కూ చెవికీ మధ్య దూరం మారి, పై స్థాయి కూడా వేరుగా వినిపిస్తుంది. అందుకే తయారీదారు ఆ నమూనాకే చేసిన గుడ్డ మెత్తలు దొరికితేనే వేయించుకోండి. లేకపోతే మొదటి నుంచీ మఖమల్ లేదా మైక్రోఫైబర్ మెత్తలతో వచ్చే నమూనానే ఎంచుకోవడం మంచిది. హెచ్‌డి 600, హెచ్‌డి 800 ఎస్ రెండూ ఆ కోవలోవే.

కళ్లద్దాల కాడ మెత్త కింద సందు చేస్తుంది. వెనుక వైపు మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్లలో ఆ చిన్న సందు గుండానే కింది స్వరాలు జారిపోతాయి. కాడ ఎంత పలుచగా ఉంటే అంత మేలు. అద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి మృదంగం వినిపించే ఒకే ముక్కను విని చూడండి. తేడా ఎక్కువగా ఉంటే, సంగీతం వినేటప్పటికి మాత్రం సన్నని లోహపు కాడలున్న అద్దాలు వేరే ఉంచుకోవడం కొత్త హెడ్‌ఫోన్ల కన్నా చవకైన మందు. విన్న తరువాత మెత్తలను పొడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. చెమట ఇంకిన తోలు పగులుతుంది, పగిలిన మెత్త గాలిని ఆపదు.

ప్రశ్న: హైఫైమాన్ సుస్వర హెడ్‌ఫోన్లను ఫోన్‌కు తగిలించి వినవచ్చా? పేరు చూసే మనసు పడ్డాను.
– గుంటూరు నుంచి ఒక విద్యార్థి

జవాబు: వినిపిస్తుంది, కాని వినవలసినంతగా వినిపించదు. సుస్వరకు ఒక మిల్లీవాట్ ఇస్తే వచ్చేది 83 డెసిబెళ్లే. ఎల్‌సిడి-ఎక్స్‌కు 103. ఈ 20 డెసిబెళ్ల తేడా అంటే, అదే శబ్దానికి సుస్వర వంద రెట్ల శక్తిని అడుగుతుంది. కచేరీలో తనియావర్తనం తారస్థాయికి చేరే క్షణాలకు 110 డెసిబెళ్ల దాకా అవకాశం ఉంచాలనుకుంటే, ఎల్‌సిడి-ఎక్స్‌కు 5 మిల్లీవాట్లు చాలు, సుస్వరకు 500 కావాలి. 60 ఓమ్‌ల ఇంపీడెన్స్ మీద అది సుమారు ఐదున్నర వోల్టులు. ఫోన్‌కు తగిలించే చిన్న సాధనాలు సాధారణంగా ఒకటి రెండు వోల్టుల దగ్గరే ఆగుతాయి. హెడ్‌ఫోన్ల ధరతో పాటు మంచి ఆంప్లిఫయర్ ధరను కూడా కలిపి లెక్క వేసుకోండి. పేరు మీద మనసు పడటంలో తప్పు లేదు బాబూ, ఆ నాదం ఆ పేరుకు తగినదే. చదువు పూర్తయ్యాక కొనుక్కుందురు గాని.

ప్రశ్న: కొత్త హెడ్‌ఫోన్లను వంద గంటలు మోగనిస్తేనే నాదం తెరుచుకుంటుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
– తిరుపతి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మారేది ముఖ్యంగా మెత్తలు, మీ చెవి అలవాటు. మెత్తలు తల ఆకారానికి అణిగేకొద్దీ డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, నాదం కొంత మారుతుంది. అది గదిలో ఒంటరిగా మోగించి ఉంచితే జరగదు, మీరు ధరిస్తేనే జరుగుతుంది. నచ్చని నాదాన్ని వంద గంటలు మోగించి సహించవద్దు.

ప్రశ్న: మా ఇంట్లో వేసవి నెలల్లో సీలింగ్ ఫ్యాన్ ఆపే ప్రసక్తే లేదు. పక్కనే పిల్లలు చదువుకుంటారు. ఖరీదైన హెడ్‌ఫోన్లు ఇలాంటి ఇంట్లో దండగేనా?
– విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఖరీదైనవి దండగ కాదు, ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లు మాత్రం మీ ఇంటికి తగవు. ఇప్పటిదాకా ఈ జవాబుల్లో చెప్పిన మేలురకాలన్నీ వెనుక వైపు తెరిచి ఉన్నవే. వాటి విశాలతకు కారణం ఆ తెరుపే. అదే తెరుపు గుండా ఫ్యాన్ హోరు లోపలికి, పాట బయటికి వస్తుంది. ఆలాపన సన్నగిల్లి నిశ్శబ్దంలో కలిసే చోట మీకు ఫ్యానే వినిపిస్తుంది. దాన్ని దాటడానికి శబ్దం పెంచుతాం, అక్కడే ప్రమాదం మొదలవుతుంది. పెద్దవారికి 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా కరిగిపోతాయి.

మూసిన రకంలో యుటోపియాకు చెల్లెలి వంటిది ఫోకల్ స్టెలియా. బెరీలియం పొరే, బరువు 435 గ్రాములు. డాన్ క్లార్క్ ఆడియో వారి స్టెల్త్ 415 గ్రాములు, ప్లేనార్ పద్ధతి, దానికి కాస్త బలమైన ఆంప్లిఫయర్ కావాలి. మూసిన గిన్నెల్లో చెవి త్వరగా వేడెక్కుతుందన్నది నిజం. కనుక ఫ్యాన్ కింద కూర్చునే వినండి, నలభై నిమిషాలకు ఒకసారి తీసి చెవులకు గాలి తగలనివ్వండి. ఒక కచేరీని రెండు విడతలుగా వినడం వల్ల పోయేదేమీ లేదు. దుకాణానికి వెళ్లినప్పుడు మాత్రం చల్లని ఏసీ గదిలో పెట్టి చూసి, హాయిగా ఉందని తేల్చుకోకండి. వీలైతే అరువు తెచ్చుకుని, మే నెల మధ్యాహ్నం మీ ఇంట్లోనే పెట్టి చూడండి.