ఆ ఫోటో కడ్డీలో ఎక్కడిది?

పెదవాల్తేరు,
ఆదివారం సాయంత్రం

అమ్మాయీ,

ఉక్కు లోపలి నిర్మాణం మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, దాని గురించి బెంగ పెట్టుకోకు. నేను ఆగింది మూడో పేజీలో మైక్రోస్కోపు ఫోటో దగ్గర. కింద ‘విశాఖ ఉక్కు కడ్డీ లోపలి నిర్మాణం’ అని రాశావు. కడ్డీలో ఎక్కడ తీసింది తల్లీ? నడిమధ్యా, అంచా?

టీఎంటీ కడ్డీ (ఇళ్ల కాంక్రీటులో వేసే కడ్డీ) ఒకటే ఉక్కయినా లోపల రెండు రకాలుగా ఉంటుంది. మిల్లులోంచి ఎర్రగా వచ్చే కడ్డీ మీద జోరుగా నీళ్లు కొడతారు. పైపొర ఒక్కసారిగా చల్లారి మార్టెన్‌సైట్ (గట్టిగా, పెళుసుగా ఉండే ఉక్కు రూపం) అవుతుంది. లోపల మిగిలిన వేడి బయటికి పాకి ఆ పొర పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. నడిమి భాగం నింపాదిగా చల్లారి ఫెర్రైట్ (మెత్తటి ఇనుము, ఫోటోలో తెల్లగా ఉంటుంది), పెర్లైట్ (ఇనుము, ఐరన్ కార్బైడ్ పొరలు, ఫోటోలో నల్లగా ఉంటుంది) అవుతుంది. అడ్డంగా కోసి, నునుపు చేసి, నైటాల్ రాస్తే (ఆల్కహాల్‌లో కొద్ది శాతం నైట్రిక్ యాసిడ్, అంతే) అంచు చుట్టూ ముదురు ఉంగరం మామూలు కంటికే కనబడుతుంది. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ఇల్లు కడుతున్న ప్రతివాళ్ల వాకిట్లో ఆ కడ్డీలు పడి ఉంటాయి కదా. నువ్వేమో 1860లలో షెఫీల్డ్‌లో ఉక్కుని మైక్రోస్కోపు కింద పెట్టిన సోర్బీ గారితో మొదలెట్టావు. గొప్పవాడే, రెండో పేజీ దాకా ఆగమను.

నా తప్పొకటి చెబుతాను. ల్యాబ్‌లో చేరిన కొత్తలో రోలింగ్ చేసిన ప్లేటు ముక్క మీద రిపోర్టు రాశాను. ముప్పై ఫోటోలు తీసి, అన్నిట్లోకీ అందమైనది ఏరి పెట్టాను. గ్రెయిన్లు (ఉక్కులోని చిన్న చిన్న స్ఫటికాలు) చుక్కల ముగ్గులా సమంగా ఉన్నాయి. ఎమరీ కాగితాల మధ్యే తల నెరిసిన పెద్దాయన ఒకరు చూసి, ‘ఏ పక్క చూసినారు బాబూ?’ అన్నారు. నేను చూసింది ప్లేటు పైముఖం ఒక్కటే. ఆయన మారు మాట్లాడకుండా ముక్కని రోలింగ్ దిశలో నిలువునా కోసి, రుద్ది, ఎచింగ్ చేసి (అంటే నైటాల్ రాసి) నా ముందు పెట్టారు. పెర్లైట్ అంతా చారలు చారలు, దుప్పటి అంచులాగా. ప్లేటు అదే. ఆ రోజు నుంచి అందమైన ఫోటో అంటే నాకు అనుమానం.

ఇప్పుడు లెక్క సంగతి. నీ వ్యాసంలో ‘సాఫ్ట్‌వేర్ ద్వారా పెర్లైట్ 50 శాతం అని తేలింది’ అన్నావు. ఎన్ని చోట్ల చూస్తే తేలింది? ఉదాహరణకి ఫోటో మీద 100 చుక్కల గళ్ల కాగితం పెట్టి, పెర్లైట్ మీద ఎన్ని పడ్డాయో పది చోట్ల లెక్కపెట్టావనుకో. 47, 52, 44, 58, 50, 49, 55, 46, 53, 46. పెర్లైట్ అంచు గీత మీద పడ్డ చుక్కకి అర. సగటు 50. కానీ 58 వచ్చిన ఫోటో ఒక్కటే చూసినవాడు ఒకటి రాస్తాడు, 44 చూసినవాడు ఇంకోటి రాస్తాడు. పది చోట్లు కలిపితే 95 శాతం నమ్మకంతో 50కి అటూ ఇటూ సుమారు 3 అనగలం. ఆ ‘అటూ ఇటూ’ రాయకపోతే 50కి విలువ లేదు. పాఠకుడికి అర్థం కాదేమోనని నువ్వు దాన్ని కొట్టేసినట్టున్నావు. మార్కెట్లో చేపలు తూయించుకునేవాళ్లకి కాటా ముల్లు ఊగడం తెలీదా?

అసలు ఈ చుక్కల లెక్కకి మూలం రాళ్లలో ఉంది. 1847లో డెలెస్ అనే ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త, నునుపు చేసిన రాతి ముఖం మీద ఒక ఖనిజం ఎంత మేర పరుచుకుందో, రాయి మొత్తంలో అది అంతే వంతు ఉంటుందని చూపించాడు. ఖనిజాల ఆకారాలు దించుకుని, తగరపు రేకు మీద అంటించి, కత్తిరించి, ముక్కలు తూచేవాడట! మన కైలాసగిరి ఖొండలైటు రాతిలో ఎర్రటి గార్నెట్ చుక్కలు చూశావుగా, వాటికీ ఇదే లెక్క.

అయితే ఎంత ఉందో చెప్పే లెక్క, ఎంత పెద్దదో చెప్పదు. బూందీ లడ్డూని కత్తితో కోసి చూడు. బూందీ అంతా ఒకే సైజుదైనా కోసిన ముఖం మీద చిన్నా పెద్దా వృత్తాలు కనిపిస్తాయి. కత్తి కొన్నిటి నడుమ నుంచి పోయింది, కొన్నిటి అంచు గీకింది. గుండ్రటివైతే ఆ వృత్తాల సగటు అడ్డుకొలత అసలు బూందీ అడ్డుకొలతలో 79 శాతం దగ్గరే తేలుతుంది. నువ్వు నాలుగో పేజీలో ‘కణాలు రకరకాల సైజుల్లో ఉన్నాయి’ అని తేల్చేశావు. ఉంటే ఉండొచ్చు, ఆ ఫోటో మాత్రం దానికి సాక్ష్యం కాదు.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట. ఎంత నలుపుంటే పెర్లైట్ అనాలో హద్దు పెట్టేది మనమే, లేదా మనం ఎంచుకున్న పద్ధతి. దాన్ని కాస్త జరిపితే శాతం మారిపోతుంది. పైగా మనది సముద్రపు గాలి. ఎచింగ్ చేసిన ముక్కని బల్ల మీద వదిలేసి భోజనానికెళ్తే, వచ్చేసరికి తుప్పు చుక్కలు. కంప్యూటర్ వాటినీ పెర్లైట్ ఖాతాలో వేస్తుంది. డెసికేటర్‌లో (తేమ తగలకుండా దాచే మూత డబ్బా) పెట్టు, అందులో నీలం సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్లీ వాడు. ఇలాంటివి వ్యాసంలో రాయి, సిగ్గుపడకు.

‘నిక్షారణ’ తీసేసి ఎచింగ్ అను. ల్యాబ్‌లో ఎవరి నోటా ఆ మాట నేను వినలేదు.

వచ్చే ఆదివారం రా. గాజువాకలో ఏ ఇనప కొట్లో అడిగినా కడ్డీ ముక్క ఇస్తారు. కోసి, పాలిష్, ఎచింగ్ మీ కాలేజీలోనే చేయించి, అంచువి అయిదు, నడిమివి అయిదు ఫోటోలు తీసుకురా. గళ్ల కాగితం నా దగ్గరుంది. నడిమి ఫోటోలు ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా ఇద్దరం లెక్కపెడదాం. నా కళ్లజోడు పాతది, తేడా ఎంతొస్తుందో చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య