జీన్స్ హైదరాబాద్‌లోనే కొనాలా, షికాగో వెళ్లాక కొనాలా?

చెల్లీ, ఆగస్టులో ఎం.ఎస్.కి షికాగో వెళ్తున్నానన్నావు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, తొడలు కాస్త లావు, నడుం సన్నం, ఏ జీన్స్ వేసుకున్నా కూర్చుంటే వెనక ఖాళీ వస్తోంది, ఎన్ని తెచ్చుకోమంటారు అని అడిగావు. రెండు చాలు. ఆ రెండూ హైదరాబాద్‌లోనే కొని, టైలర్‌తో సరిచేయించుకుని రా. మిగిలిన డబ్బు ఫీజుకి ఉంచుకో.

నేనూ షికాగోలోనే చదివాను. వచ్చేముందు కోఠిలో బిగుతైన లో వెయిస్ట్ జీన్స్ అరడజను కొన్నాను, అప్పట్లో అదే ఫ్యాషన్. అక్కడి లైబ్రరీలో పార్ట్‌టైమ్ పని దొరికింది. కింది అరల్లో పుస్తకాలు సర్దడానికి వంగినప్పుడల్లా ప్యాంటు జారేది, పని మీద ధ్యాసే ఉండేది కాదు. పైగా పొడవు ఎక్కువ. మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ నీళ్లు అంచుల్లోకి ఇంకి పిక్కల దాకా ఎక్కేవి. క్లాసు అయ్యేదాకా ఆ తడితోనే కూర్చోవాలి. ఆరాక తెల్లటి చార. అంచు కుట్టించుకుందామంటే ఒక్క ప్యాంటుకి అక్కడి టైలర్లు అడిగిన డబ్బుతో నాకు వారం కూరగాయలు వచ్చేవి. ఫుల్ హీట్‌లో డ్రయ్యర్‌లో వేసేసరికి సాగే దారం పాడై మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడాయి. ఆ చలికాలంలోనే మళ్లీ కొన్నాను. ఊళ్లో నాన్న బ్యాంకుకి వడ్డీ కడుతుంటే నేను బట్టలకి రెండుసార్లు ఖర్చుపెట్టాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. చెప్పేవాళ్లు లేకపోయినా నెట్టుకొచ్చి, ఈరోజు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో సొంత ఇంట్లో ఉన్నాం. నీకు చెప్పడానికి నేనున్నాను, విను.

నీకు నప్పేది హై రైజ్, స్ట్రెయిట్ ఫిట్. రైజ్ అంటే కాళ్ల మధ్య కుట్టు నుంచి నడుం పట్టీ దాకా ఉండే కొలత. అది పదంగుళాలు, ఆ పైన ఉంటే పట్టీ బొడ్డు దగ్గర నిలుస్తుంది, కాళ్లు పొడుగ్గా కనిపిస్తాయి. స్ట్రెయిట్ అయితే తొడల్ని పట్టేయదు, జనవరిలో లోపల చలికి వేసుకునే థర్మల్ కూడా పడుతుంది. ఇన్‌స్టాలో ఎవరికో బాగుందని స్కిన్నీ కొనకు. తొడలకి సరిపోయిన సైజు నీకు నడుం దగ్గర వదులవుతుంది. లేబుల్ మీద కాటన్ 98, ఎలాస్టేన్ (సాగే దారం) 2 శాతం ఉంటే చాలు. రంగు ముదురు నీలం తీసుకో. ల్యాబ్‌కి వేసుకున్నదాని మీదే కుర్తీ వేసుకుని షికాగో దగ్గర అరోరాలో ఉన్న బాలాజీ గుడికీ వెళ్లొచ్చు.

ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిలబడితే ఏమీ తెలియదు. గొంతుక్కూర్చుని చూడు. వెనక పట్టీలో రెండు వేళ్లు దూరితే ఫర్వాలేదు. అరచెయ్యి దూరితే టైలర్ చేత అక్కడ కుట్టు వేయించి వదులు తగ్గించుకో. పొడవు మాత్రం ఒకసారి ఉతికి ఆరేశాకే కత్తిరించమను, చీలమండ దగ్గర ఆగాలి. అమీర్‌పేటలో ఈ పనికి అయ్యే ఖర్చు ఇక్కడి రేట్ల ముందు లెక్కలోకే రాదు.

బ్యాగేజీ బరువు ఎయిర్‌లైన్ సైట్‌లో చూసుకో.

మూడోది కావాలంటే నవంబరు దాకా ఆగు, థాంక్స్‌గివింగ్ మర్నాడు ధరలు తగ్గుతాయి. మిగతా రోజుల్లో రాస్, మార్షల్స్ లాంటి తక్కువ ధరల షాపులు చూడు. అయిదడుగుల నాలుగంగుళాల లోపు వాళ్లకి పెటీట్ సైజులుంటాయి, కుట్టించే పని తప్పుతుంది. నడుం సన్నంగా, తొడలు లావుగా ఉన్నవాళ్లకి కొన్ని కంపెనీలు కర్వీ ఫిట్ అని విడిగా అమ్ముతాయి, అది అడుగు. ధర చూసేటప్పుడు పన్ను కలుపుకో. మా న్యూజెర్సీలో మామూలు బట్టలకి సేల్స్ ట్యాక్స్ లేదు గానీ షికాగోలో పది శాతం దాటుతుంది. కొన్నాక ట్యాగ్ తీయకుండా గదిలో ఒక గంట కూర్చుని, లేచి, నడిచి చూడు. బిగిస్తే మొహమాటపడకుండా వాపసు ఇచ్చేయ్, బిల్లు పారేయకు.