కేస్ షీట్‌లో దొరికే ఇంగ్లీష్

పాఠకుల ప్రశ్నలు – కావలి నుంచి ఒక రిటైర్డ్ ఇంగ్లీష్ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పొదలకూరు దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ చేసి నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నాను. ఇంగ్లండ్ వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాశాను. మిగతా వాటిలో కావలసిన స్కోరు వచ్చింది కానీ రీడింగ్‌లో ఆరు బ్యాండ్ దగ్గరే ఆగిపోయాను. కోచింగ్‌లో ఇచ్చిన పదాల పుస్తకం రోజుకు ముప్పై చొప్పున తెలుగు అర్థాలతో బట్టీ పడుతున్నాను. నైట్ డ్యూటీ దిగి వచ్చి చదివితే సాయంత్రానికి సగం కూడా గుర్తుండడం లేదు. ఇంకోసారి ఫీజు పోతే ఇంట్లో అడగలేను. అసలు ఎన్ని పదాలు నేర్చుకుంటే ఏడు వస్తుంది? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక స్టాఫ్ నర్సు, నెల్లూరు

జవాబు: అమ్మా, ముందు లెక్క చూద్దాం, టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది. రీడింగ్‌లో 40 ప్రశ్నలు. సుమారు 23 సరైతే ఆరు, సుమారు 30 సరైతే ఏడు. పేపరును బట్టి ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ రైటింగ్‌లో ఆరున్నర ఉన్నా ఒప్పుకుంటుంది గానీ రీడింగ్‌లో ఏడు ఉండాల్సిందే. అంటే నీకు ఇంకా కావలసింది ఏడు సరైన జవాబులు. ఆ ఏడూ ఎక్కడ పోతున్నాయో తెలుసుకోకుండా వేల పదాలు బట్టీ పడితే ఒళ్లు అలసిపోవడం తప్ప లాభం లేదు.

న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ విక్టోరియా యూనివర్సిటీలో అవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ రకరకాల సబ్జెక్టుల పుస్తకాలు, వ్యాసాలు కలిపి సుమారు 35 లక్షల మాటలు పరిశీలించి 2000లో ఒక జాబితా ఇచ్చారు. అకడమిక్ వర్డ్ లిస్ట్ అంటారు. అందులో ఉన్నది 570 పద కుటుంబాలే. ఒక మాట, దాని మిగతా రూపాలు కలిపి ఒక కుటుంబం. ఎక్కువగా కనిపించేవి ముందు వచ్చేలా వాటిని పది భాగాలు చేశారు. మొదటి తొమ్మిదింట్లో అరవై చొప్పున, చివరి దాంట్లో ముప్పై. చదువుల ఇంగ్లీష్‌లో పదో వంతు మాటలు ఈ కుటుంబాలవే. నీ చేతిలో ఉన్న లావుపాటి పుస్తకం పక్కన పెట్టి ఈ జాబితా ప్రింటు తీసుకో.

తీసుకుని, తెలిసిన మాటలకు టిక్కు పెడుతూ పో. ఈ ఒక్క పని నీ చేత చేయించాలనే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను. మానిటర్, స్టేబుల్, రికవర్, రెస్పాండ్, ప్రొసీజర్, కన్సల్ట్, ఇంజూర్, చార్ట్, నార్మల్... ఇవన్నీ ఆ జాబితాలోనివే. రోజూ నైట్ డ్యూటీలో కేస్ షీట్ మీద నువ్వు నీ చేత్తో రాసే మాటలు. డిగ్రీ చదివిన చాలామంది పిల్లలకు ఇవి పుస్తకంలో మాటలు. నీకు ఇవి మంచం మీదున్న మనిషి పరిస్థితి. అంత గట్టిగా తెలిసిన మాటలు పెట్టుకుని సున్నా నుంచి మొదలుపెడుతున్నానని ఎందుకనుకుంటున్నావు?

నీకు తక్కువైంది ఆ మాటల మిగతా రూపాలు. పేషెంట్ స్టేబుల్ అని రాస్తావు. పేపర్లో స్టెబిలిటీ అని, స్టెబిలైజ్ అని, ఇన్‌స్టెబిలిటీ అని వస్తుంది. అది రోగి గురించి కూడా కాదు, ఒక దేశం ఆర్థిక వ్యవస్థ గురించో, పాత వంతెన గురించో అయ్యుంటుంది. రెస్పాండ్ తెలుసు. రెస్పాన్స్, రెస్పాన్సివ్, అన్‌రెస్పాన్సివ్ కూడా ఐసీయూలో వింటూనే ఉంటావు. వాటిని ఒక వర్షాధార పంట గురించి రాసిన పేరాలో చూసినప్పుడు గుర్తుపట్టాలి. అందుకే కుటుంబం మొత్తం ఒక్కచోట రాసుకో. ఖాళీ పూరించే ప్రశ్నల్లో ఈ రూపాల మీద పట్టు ఉంటే, చదవకముందే అక్కడ నామవాచకం కావాలా, క్రియ కావాలా అన్నది తేలిపోతుంది.

రెండోది, ఇది నేను చాలా గట్టిగా నమ్మే విషయం. నా దగ్గరికి వచ్చే పిల్లల తప్పు జవాబులు దగ్గర పెట్టుకుని చూస్తే, పెద్ద మాట తెలియక పోయిన మార్కులు తక్కువ. హార్డ్‌లీ, అన్‌లెస్, డిస్పైట్, రేదర్ దేన్, ఫ్యూ లాంటి చిన్న మాటల దగ్గర పోయినవే ఎక్కువ. ‘ఫ్యూ పేషెంట్స్ రికవర్డ్’ అంటే కోలుకున్నవాళ్లు దాదాపు లేరని. ముందు ‘ఎ’ చేరిస్తే కొందరు కోలుకున్నారని. డ్యూటీ అప్పగించేటప్పుడు ఈ తేడా నువ్వు వదులుతావా? పేపర్లోనూ వదలొద్దు. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నలు సగం వీటి మీదే నడుస్తాయి. ఆ మందుతో చాలామందికి జ్వరం తగ్గింది గానీ కొందరికి తగ్గలేదని పాసేజ్‌లో ఉండి, ప్రశ్నలో అందరికీ తగ్గిందని ఉంటే అది ఫాల్స్. ఆ మందు చవక అని ప్రశ్నలో ఉండి, పాసేజ్‌లో ధర ఊసే లేకపోతే అది నాట్ గివెన్. ఆ మందు చవకే అని నీకు బయట తెలిసి ఉండొచ్చు. ఆ తెలివి పరీక్ష హాల్లోకి తీసుకెళ్లకు.

ఇక మర్చిపోవడం సంగతి. జర్మనీకి చెందిన ఎబింగ్‌హౌస్ అనే ఆయన తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించారు. అర్థం లేని అక్షరాల ముక్కలు కంఠతా పట్టి, ఎంతసేపట్లో ఎంత పోతుందో చూశారు. నేర్చుకున్న మొదటి గంటల్లోనే చాలా భాగం పోతుంది, ఆ తర్వాత పోయే వేగం తగ్గుతుంది. నువ్వు బట్టీ పట్టే ముప్పై పదాలకు ముందూ వెనకా వాక్యం లేదు కాబట్టి నీ బుర్రకు అవీ అలాంటి ముక్కలే. నీ జ్ఞాపకశక్తికేం లోటు లేదు. బెడ్ నంబరు చెప్తే రోగి మందులన్నీ చెప్పగల పిల్లవి.

కాబట్టి కొత్త మాట కనిపించిన వాక్యాన్ని మొత్తం నోటు పుస్తకంలో ఎత్తి రాసుకో. కింద దాని కుటుంబం. పక్కన తెలుగు అర్థం ఒక్క మాటలో. తెలుగు అర్థం రాయనే కూడదని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను. మనకు విషయం తెలుగులోనే తడుతుంది, సిగ్గుపడేది ఏముంది అందులో? మర్నాడు ఆ మాట దగ్గర వేలు అడ్డం పెట్టి వాక్యం చదివి, మాట నువ్వే చెప్పు. మూడు రోజులకు ఒకసారి, వారానికి మరోసారి. వారానికి పదిహేను ఇరవై కొత్త కుటుంబాలు చాలు. జాబితాలో మొదటి మూడు భాగాలు గట్టిగా వస్తే నీకు తేడా తెలుస్తుంది.

డ్యూటీ దిగగానే మాత్రం పుస్తకం తెరవకు తల్లీ. నిద్రపో. నేర్చుకున్నది కుదురుకునేది నిద్రలోనే. లేచి, అన్నం తిని, అప్పుడు కూర్చో.

వారానికోసారి మూడు పాసేజ్‌లూ గంటలో పూర్తి చేసి చూసుకో. రీడింగ్‌లో జవాబులు ఎత్తి రాయడానికి విడిగా టైమ్ ఇవ్వరు. తప్పుకు మార్కు కోయరు కాబట్టి ఒక్క ఖాళీ కూడా వదలకు. మరీ టెక్నికల్ మాట ఉంటే దాని అర్థం కిందే ఇస్తారు, దాన్ని చూసి బెదరకు. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయి. మాట తెలియకా, చిన్న మాట జారిపోయా, టైమ్ చాలకా? నాలుగైదు పేపర్లు అయ్యేసరికి నీ ఏడు మార్కులు ఎక్కడున్నాయో నీకే కనిపిస్తాయి. అప్పటిదాకా ఫీజు కట్టొద్దు.

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. రీడింగ్‌లో జంతువులు, చరిత్ర, రాళ్లు రప్పలు అంటూ ఏవేవో వస్తాయి. వాటి మీద నాకు ఆసక్తి లేదు, రెండు పేరాలకే నిద్ర వస్తుంది. పదాల కోసం ఏం చదవమంటారు?
– ఒక విద్యార్థి, చీమకుర్తి

జవాబు: నాయనా, చీమకుర్తిలో ఉండి రాళ్ల మీద ఆసక్తి లేదంటావేం! బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ మీ ఊరి క్వారీల నుంచే కదా ప్రపంచమంతా పోతోంది. ఆ నల్లరాతిలో బంగారు చుక్కలు ఎలా వచ్చాయో ఇంగ్లీష్‌లో వెతికి చదువు. మినరల్, ఫార్మేషన్, కంపోజిషన్, ఎక్స్‌ట్రాక్ట్ అన్నీ అందులోనే వస్తాయి. విషయం కళ్ల ముందున్నది కాబట్టి తెలియని మాటను నువ్వే ఊహించగలవు. చదివేటప్పుడు మాట అందే దారి అదే.

ఒంగోలు గిత్త కథ ఇంకా బాగుంటుంది. మన జాతి పశువులు 19వ శతాబ్దంలోనే బ్రెజిల్ వెళ్లాయి. అక్కడ వాటిని నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. ఎండను, పురుగును తట్టుకునే గుణం వల్ల అక్కడి మాంసం పశువుల్లో వీటి సంతతిదే పెద్ద వాటా అయింది. దీని మీద ఇంగ్లీష్‌లో బోలెడు వ్యాసాలున్నాయి. అడాప్ట్, ట్రెయిట్, టాలరెన్స్, డామినెంట్, ఆరిజినేట్ లాంటివి ఒక్క వ్యాసంలోనే పదిసార్లు తగులుతాయి. తర్వాత పులికాట్ ఫ్లెమింగోలు. ఆ తర్వాత మన తీరంలో రొయ్యల సాగు: 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్‌తో టైగర్ రొయ్య దెబ్బతినడం, 2009 తర్వాత వెనామీ రకం రొయ్య రావడం. కారణం, ఫలితం, మార్పు చెప్పే మాటలన్నీ అక్కడ దొరుకుతాయి. ఇవి అయ్యాక, తెలియని దేశపు తెలియని పిట్ట గురించి ఇచ్చినా నీకు ఆ మాటలు కొత్తగా ఉండవు. నిద్ర రాదని నాదీ పూచీ.

ప్రశ్న: మా అమ్మాయి ఇలాంటి పరీక్షకే తయారవుతోంది. ఫోన్‌లో యాప్‌తోనే పదాలు నేర్చుకుంటోంది. డిక్షనరీ కొనివ్వాలా?
– ఒక తల్లి, కనిగిరి

జవాబు: యాప్ మంచిదేనమ్మా, మర్చిపోయే సమయానికి మళ్లీ అడుగుతుంది కాబట్టి మాన్పించొద్దు. అయితే యాప్ చెప్పిన పదాలు కాకుండా, తను చదివిన పేజీలో దొరికిన పదాలనే అందులో ఎక్కించుకోమనండి. డిక్షనరీ కొనాలంటే, తేలిక ఇంగ్లీష్‌లో అర్థం చెప్పి, ప్రతి మాటకూ ఉదాహరణ వాక్యం ఇచ్చే లెర్నర్స్ డిక్షనరీ కొనండి. పాత ఎడిషన్ అయినా ఫరవాలేదు, సగం ధరకే వస్తుంది.