తాళం పడిన డిస్కు సాక్ష్యంగా పనికొస్తుందా?

ప్రశ్న: రాజీనామా చేసిన ఉద్యోగి మా రహస్య పత్రాలు తీసుకెళ్లాడని అనుమానం. అతని బల్ల మీద ఆన్‌లో ఉన్న సంస్థ ల్యాప్‌టాప్‌ను ఆపేసి, డిస్కుకు ఫోరెన్సిక్ ఇమేజ్ (బైటు బైటుకూ తీసిన అచ్చు నకలు) తీయించాం. తీరా చూస్తే అది ఎన్‌క్రిప్ట్ అయి, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలో ఉంది. పాస్‌వర్డ్ చెప్పనంటున్నాడు. ఈ ఇమేజ్ కోర్టులో చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది, కానీ తెరిచేదాకా దానితో ఏదీ రుజువు కాదు. తీసిన రోజు నమోదు చేసిన హ్యాష్ విలువ (డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) ఇప్పటికీ సరిపోతుంటే అది నమ్మదగిన నకలే. భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఆ విలువనే చూపాలి. అందులో ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు నింపాలి.

ముందు తాళంచెవి వెతకండి. అది బిట్‌లాకర్ (విండోస్‌లోనే ఉండే ఎన్‌క్రిప్షన్) అయితే 48 అంకెల రికవరీ కీ మీ ఐటీ విభాగం దగ్గరే ఉండవచ్చు. దొరికితే అసలు డిస్కును ముట్టుకోకుండా ఇమేజ్ నకలు మీదే తెరిపించండి. ఎవరు, ఎప్పుడు తెరిచారో రాసి పెట్టండి. ఉద్యోగిని మాత్రం బెదిరించవద్దు. క్రిమినల్ కేసు అయితే నిందితుడిని తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదనే రాజ్యాంగంలోని 20(3) అధికరణాన్ని అతను అడ్డం పెట్టుకోవచ్చు.

ల్యాప్‌టాప్‌ను ఆపేయడమే పెద్ద నష్టం, ఎందుకంటే ఆపగానే తెరిచి ఉన్న డ్రైవ్‌కు మళ్లీ తాళం పడుతుంది. 2006 డిసెంబరులో అమెరికా సరిహద్దు అధికారులు ఒక ప్రయాణికుడి ల్యాప్‌టాప్‌లో జెడ్ అనే డ్రైవ్‌లోని ఫైళ్లను కళ్లారా చూశారు. తర్వాత ల్యాప్‌టాప్‌ను ఆపేశారు. కొన్ని రోజులకు ఇమేజ్ తీసి తెరవబోతే ఆ డ్రైవ్ పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌తో మూసుకుపోయి ఉంది. దాన్ని తెరిచి ఇవ్వాలన్న ఉత్తర్వు కోసం 2009 దాకా వాదించాల్సి వచ్చింది.

ఇకపై యంత్రం ఆన్‌లో దొరికితే ఆపకముందే నిపుణుడిని పిలవండి. విండోస్‌లో డ్రైవ్ గుర్తు పక్కన తెరిచిన తాళం బొమ్మ ఉంటే బిట్‌లాకర్ ఉందని, ప్రస్తుతం తెరిచే ఉందని అర్థం. అప్పుడే ర్యామ్‌ను (ఆపితే చెరిగిపోయే తాత్కాలిక మెమరీని), తెరిచి ఉన్న డ్రైవ్‌ను కాపీ చేయాలి. ఈ పనిలో కొన్ని ఫైళ్లు మారతాయి. ఎందుకు చేయాల్సి వచ్చిందో అప్పటికప్పుడే రాసి సంతకం చేయిస్తే ఎదుటి న్యాయవాది ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఆగిపోయిన డిస్కులో బిట్‌లాకర్, లక్స్ (లినక్స్‌లో వాడే ఎన్‌క్రిప్షన్) వంటివి తామున్న భాగం మొదటి బైట్లలోనే తమ గుర్తు చూపుతాయి. వెరాక్రిప్ట్ అనే మరో ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌తో మూసిన డ్రైవ్ సాధారణంగా అలా చూపదు, అది అర్థంలేని బైట్ల కుప్పలా కనిపిస్తుంది. అందుకే 'ఎన్‌క్రిప్షన్ లేదు' అని నివేదికలో రాయనివ్వకండి. 'ఫలానా పరీక్షల్లో గుర్తు కనపడలేదు' అని రాయించండి.