ఎండాకాలంలో అనంతపురం నుంచి గండికోటకు పల్లెదారుల్లో ఏటీవీ మీద వెళ్లొచ్చా?

మీరు అడిగినవి మూడు: మే నెలలో హైవే ఎక్కకుండా పల్లెల మీదుగా ఏటీవీలో (మట్టిబాటల్లో నడిచే, బైక్‌లా ఎక్కి కూర్చునే నాలుగు చక్రాల బండి) గండికోట దాకా వెళ్లడం వీలవుతుందా, ఆ ఎండకు బండీ మనిషీ తట్టుకుంటారా, లేక వానలు పడేదాకా ఆగడం మేలా. వీలవుతుంది. చీనీ (బత్తాయి) తోటలో మందు డ్రమ్ములు, డ్రిప్ పైపులు మోయడానికి మా బాబాయి కొన్న బండి మీద నేను నార్పల వైపు నుంచి పుట్లూరు, తాడిపత్రి మీదుగా వెళ్లాను. మా తమ్ముడు బైక్ మీద తోడొచ్చాడు. ఒంటరిగా మాత్రం వద్దు.

ముందు కాగితాల సంగతి. మన దగ్గర అమ్మే ఏటీవీల్లో చాలావాటికి రిజిస్ట్రేషన్ ఉండదు. అవి పొలాల్లో, సొంత స్థలాల్లో నడుపుకోవడానికే. పల్లెదారిలో వెళ్లినా ఎక్కడో ఒకచోట తారురోడ్డు ఎక్కక తప్పదు కాబట్టి ఆర్సీ ఉన్న బండే కావాలి. 2021లో పొలారిస్ ట్రాక్టర్‌గా రిజిస్టర్ అయ్యే మోడల్ ఒకటి తెచ్చింది, అలాంటిదైతే ఇబ్బంది లేదు. అడవి హద్దుల్లోకి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా దేన్నీ తీసుకుపోకూడదు.

ఇక ఎండ. మేలో మనకు 42, 43 డిగ్రీలు మామూలే. బైక్ మీద కనీసం గాలి తగులుతుంది. ఏటీవీలో ఇంజిన్ సరిగ్గా తొడల మధ్య ఉంటుంది, గుంతల బాటలో వేగం ఉండదు, పైనుంచి ఎండ, కిందినుంచి ఇంజిన్ సెగ. అందుకే తెల్లవారుజామున 5కి బయల్దేరి 10 లోపు ఎక్కడో ఒక నీడ చూసుకుని ఆగిపోవాలి. మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాతే బండి తీయాలి. అలా పోతే రోజుకు 60, 70 కిలోమీటర్లు సాగుతాయి. అంతకు మించి పెట్టుకోకండి. మధ్యాహ్నం ఊరి గుడి మండపంలోనో, రచ్చబండ దగ్గర చెట్టు కిందో పడుకుంటే ఎవరూ కాదనరు. మజ్జిగ ఇచ్చి, సంగటి తిని పొమ్మనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

రాత్రి చల్లగా ఉంటుంది కదా, రాత్రే పోదాం అని కొందరంటారు. ఆ పని అస్సలు చేయకండి. మన చేలల్లో గట్టు లేని పాత బావులు ఇంకా ఉన్నాయి, హెడ్‌లైట్‌కు కనపడవు. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. అది చట్టవిరుద్ధమైనా పెడుతున్నారు, దానివల్ల మనుషులు పోతున్నారు.

బండి విషయంలో ఎండకన్నా దుమ్ముతోనే ఎక్కువ తిప్పలు. నార్పల వైపు ఎర్రమట్టి. తాడిపత్రి దగ్గర పడేకొద్దీ నల్లరేగడి, అది ఎండితే బండి చక్రం కింద పిండిలా లేస్తుంది. ఫిల్టర్ డబ్బా విప్పి చూస్తే లోపలి స్పాంజి మీద ఎర్రపొర, దాని మీద బూడిదరంగు పొర కనిపించాయి. ఎయిర్ ఫిల్టర్ రోజూ సాయంత్రం విప్పాల్సిందే, ఒకటి స్పేర్ ఉండాల్సిందే. రేడియేటర్ రెక్కల మధ్య ఎండుగడ్డి, దుమ్ము ఇరుక్కుంటే టెంపరేచర్ లైట్ వెలుగుతుంది. బండి పూర్తిగా చల్లారాక, వెనకనుంచి ముందుకు నీళ్లు పోసి కడగండి. కాగుతున్న ఇంజిన్ మీద నీళ్లు చల్లకండి, రేడియేటర్ మూత తిప్పకండి. వంక (వాగు) ఇసుకలో దిగేటప్పుడు గేరును తక్కువ వేగానికి, అంటే లో‌లో వేయండి, లేదంటే చక్రాలను తిప్పే బెల్టు కాలిన వాసన వస్తుంది.

టైర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏటీవీ టైరులో గాలి 5 నుంచి 7 పీఎస్‌ఐ ఉంటే చాలు. పల్లెలో పంచర్ షాపు మీటరు అంత తక్కువ గాలిని సరిగా చూపించదు. అతను అలవాటు ప్రకారం బైక్‌కు కొట్టినట్టు 25, 30 కొట్టేస్తాడు, ఇక బండి ప్రతి రాయి మీదా ఎగిరి పడుతుంది. తక్కువ గాలి చూపే చిన్న గేజు మీ దగ్గరే పెట్టుకోండి. కంపచెట్ల ముల్లు నేరుగా దిగుతుంది, ట్యూబ్‌లెస్ పంచర్ కిట్‌తో దాన్ని మీరే సరిచేసుకోవచ్చు. తాడిపత్రి చుట్టుపక్కల నాపరాయి ముక్కలు పోసిన దిబ్బలుంటాయి, వాటి అంచు టైరు పక్కగోడను కోస్తే మాత్రం కిట్ పనికిరాదు. వాటికి దూరంగా పోవాలి.

దారి కోసం ఫోన్ మ్యాప్‌ను పూర్తిగా నమ్మొద్దు. గండికోట జలాశయం నిండాక కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగిపోయాయి. పాత బండ్లబాటలు కొన్ని నేరుగా నీళ్లలోకి పోతాయి. గొర్రెల కాపరులను అడగండి, వాళ్లకు తెలియని వంక లేదు. "యాడికి పోతాండారు నాయనా ఈ ఎండకు?" అని ఒక పెద్దాయన ఆపి, మేము పోబోయే బాట నీళ్ల దగ్గర తెగిపోయిందని కర్రతో నేల మీద గీసి చూపించాడు. ఆయన చెప్పినట్టే ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా తిరిగి పోయాం. మంద ఎదురైతే ఇంజిన్ ఆపేయండి, గొర్రెలు బెదిరితే మళ్లీ కూడగట్టడం వాళ్లకు చాలా కష్టం.

నీళ్లు మనిషికి 5 లీటర్లకు తగ్గకుండా బండిలో ఉండాలి, దొరికిన ప్రతి ఊళ్లో నింపుకోవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, గాఢంగా కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. నన్నారి షర్బత్ హాయిగా ఉంటుంది కానీ ఓఆర్ఎస్ బదులు కాదు. తోడున్న మనిషి మాట తడబడినా, తిక్కతిక్కగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని ఊరుకోకండి. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.

వానలదాకా ఆగడం గురించి. చల్లబడుతుంది నిజమే, కానీ నల్లరేగడి తడిస్తే చక్రాలకు చుట్టుకుని బండిని కదలనివ్వదు, వంకల్లో నీళ్లొస్తాయి. జూన్, జులైలో వేరుశనగ విత్తనం పడ్డాక చేలగట్ల మీద బండి నడపడం రైతుకు నష్టం. వేసవిలో చేలు ఖాళీగా ఉంటాయి, అడిగితే పక్కనుంచి పోనిస్తారు. అప్పుడు కూడా దున్నిపెట్టిన చేలో దిగకండి, చీనీ తోటల్లో డ్రిప్ లేటరల్స్ (చెట్ల వరుసల వెంట పరిచిన సన్న పైపులు) తొక్కకండి. ఏప్రిల్ మొదట్లో వెళ్లగలిగితే బాటలు ఇలాగే ఉంటాయి, ఎండ మాత్రం కాస్త తక్కువ.