షుగర్ లేదు.. అయినా కాలి పుండ్లు మానడం లేదు, ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) ఉంది. చలికి వేళ్లు తెల్లబడి, నీలంగా మారతాయి. మూడు నెలలుగా రెండు కాలి వేళ్ల చివర పుండ్లు, అరికాలి కింద ఆనెకాయ. నొప్పితో రాత్రిళ్లు నిద్ర ఉండదు. షుగర్ లేదు. డ్రెస్సింగ్ చేయిస్తున్నా మానడం లేదు. ఎవరికి చూపించాలి?
- ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: షుగర్ పుండు, మీ అమ్మగారి పుండు పైకి ఒకేలా కనిపించినా లోపలి సంగతి వేరు. షుగర్‌లో నరాలు మొద్దుబారి చాలామందికి నొప్పే తెలియదు. స్క్లెరోడెర్మాలో చిన్న రక్తనాళాల గోడలు మందమై దారి సన్నబడుతుంది. పైగా చలికో, టెన్షన్‌కో అవి బిగుసుకుపోతాయి. రక్తం అందని చోట చర్మం చచ్చి పుండు పడుతుంది. అందుకే అంత నొప్పి. రక్తం అందనంత వరకు ఎన్ని కట్లు మార్చినా ఫలితం అంతంతే.

కాబట్టి ఇద్దరు డాక్టర్లు కావాలి. స్క్లెరోడెర్మా లాంటి జబ్బులు చూసి, రక్తప్రసరణకు మందులిచ్చే రుమటాలజిస్టు ఒకరు, పాదం చూసే వాస్కులర్ (రక్తనాళాల) సర్జన్ లేదా డయాబెటిక్ ఫుట్ క్లినిక్ డాక్టర్ మరొకరు. షుగర్ లేదు కదా అని ఆ క్లినిక్‌కు వెళ్లడం మానకండి, పాదాల పుండ్లలో చెయ్యి తిరిగినవాళ్లు మన దగ్గర ఎక్కువగా అక్కడే ఉంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

చీలమండ బీపీని చేతి బీపీతో భాగించి చూస్తారు. ఆ లెక్క 0.9 కంటే తక్కువ వస్తే పెద్ద నాళంలో అడ్డు ఉందని అనుమానం. నార్మల్ వచ్చినా ధీమా వద్దు, వేళ్లలోని సన్న నాళాల గురించి అది చెప్పదు. బొటనవేలి ప్రెషర్ కూడా చూడమని అడగండి. ఎక్స్‌రేలో ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందా, చర్మం కింద కాల్షియం పేరుకుందా తెలుస్తుంది. పుండులోంచి సుద్దలాంటి తెల్లటి పదార్థం వస్తుంటే అది చీము కాకపోవచ్చు, ఈ కాల్షియమే కావచ్చు.

మందుల్లో నిఫెడిపిన్, సిల్డెనాఫిల్ లాంటివి నాళాలను వదులు చేస్తాయి. పుండు తీవ్రంగా ఉంటే ఆస్పత్రిలో ఐలోప్రాస్ట్ సెలైన్‌లా ఎక్కిస్తారు. బోసెంటాన్ కొత్త పుండ్లు రాకుండా ఆపుతుంది తప్ప ఉన్నదాన్ని మాన్పదు. ఇవన్నీ డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు మాత్రం వేయకండి, ఈ జబ్బులో అవి కిడ్నీల మీదికి తెస్తాయి.

ఆనెకాయను బ్లేడుతో కోయడం, కార్న్ క్యాప్ అంటించడం రెండూ ప్రమాదమే. క్యాప్‌లోని యాసిడ్ పక్కనున్న మంచి చర్మాన్నీ తినేస్తుంది. ఈ జబ్బులో అరికాలి కింద కొవ్వు మెత్త కరిగిపోయి ఎముక నేరుగా నేలకు ఒత్తుకోవడం వల్ల ఆనెకాయ వస్తుంది. అందుకే మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు, వేళ్ల దగ్గర వెడల్పున్నవి, ఇంట్లో కూడా వేసుకోవాలి. పుండు మీది చచ్చిన చర్మాన్ని మొండిగా గీకనివ్వకండి. ముందు జెల్ డ్రెస్సింగ్‌తో మెత్తబరచి, మత్తు మందు రాసి, కొంచెం కొంచెంగా తీయాలి.

తెల్లవారుజామున చన్నీళ్లతో కళ్లాపి చల్లే పని ఇంకెవరైనా చూసుకోండి. సాక్సులు ఒక్కటే చాలవు, స్వెట్టర్ కూడా వేయాలి. ఒళ్లు చల్లబడితే కాళ్ల నాళాలూ బిగుస్తాయి. వేడినీళ్ల బ్యాగు వద్దు, కాలుతుంది. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే బయటికి పంపండి.

వేలు నల్లబడినా, చీము, జ్వరం, ఎర్రటి వాపు వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఆమె బీపీకి అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వాడుతుంటే నాళాలు ఇంకా బిగుస్తాయి. సొంతంగా ఆపకండి, ఆ చీటీ తీసుకెళ్లి మందు మార్చమని అడగండి.