తిన్నది కొలిచే చదువు ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ న్యూట్రిషన్ చివరి సంవత్సరంలో ఉంది. డైటీషియన్ కోర్సు చేయమంటే వినడం లేదు. జనం ఏమి తింటున్నారో కొలిచే పద్ధతులు సరైనవో కావో పరీక్షించే పరిశోధన చేస్తానంటోంది. అసలు అదొక ఉద్యోగమేనా? - ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఉద్యోగమేనండీ. అయితే పట్టా చేతికి రాగానే దొరికే ఉద్యోగం కాదు. ముందు ఆ పని ఎటువంటిదో చెబుతాను.

పోషకాహార సర్వేలో ఇంటికి వచ్చినవారు నిన్న ఏమేమి తిన్నారని గానీ, పప్పు వారానికి ఎన్నిసార్లు, మాంసం నెలకు ఎన్నిసార్లు అని గానీ అడిగి రాసుకుంటారు. మన ఇళ్లలో కూర ఒకే గిన్నెలో వండి అందరికీ వడ్డిస్తారు కనుక, ఎవరి పళ్లెంలోకి ఎంత వెళ్లిందో వండినావిడకు గరిటెల లెక్కన తెలుస్తుందే తప్ప గ్రాముల్లో తెలియదు. తొక్కులోని నూనె, నాలుగు చాయల్లోని చక్కెర ఎవరికీ గుర్తుండవు. మేడారం జాతర వారంలో అడిగితే వచ్చే జవాబు మామూలు రోజులకు పనికిరాదు.

అందుకే ఆ ప్రశ్నలను జ్ఞాపకశక్తితో సంబంధం లేని మరో కొలతతో సరిచూడాలి. ఒకే మనిషి జ్ఞాపకం మీద ఆధారపడిన రెండు ప్రశ్నావళులు ఒకే తప్పు చేసి, ఒకదానినొకటి సమర్థించుకుంటాయి. ఉప్పు ఎంత తిన్నారో తెలియడానికి 24 గంటల మూత్రంలోని సోడియంను, మాంసకృత్తుల కోసం అదే మూత్రంలోని నత్రజనిని కొలుస్తారు. శరీరం ఖర్చు చేసే శక్తిని కొలవడానికి బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని తాగిస్తారు. మొదటిది నీటి రూపంలోనే బయటికి పోతుంది, రెండోది బొగ్గుపులుసు వాయువుగా కూడా పోతుంది కాబట్టి, ఆ రెండింటి తేడాను బట్టి ఖర్చయిన శక్తిని లెక్కగడతారు. బరువు మారని మనిషి ఎంత ఖర్చు చేస్తే దాదాపు అంతే తిన్నట్టు లెక్క. ఇలా సరిచూసిన చాలా చోట్ల, జనం తిన్నదానికంటే తక్కువే చెబుతున్నారని తేలింది. ఇక కూలికి వెళ్లే మనిషిని ఆ 24 గంటలూ మూత్రం డబ్బాను చేను దాకా మోసుకెళ్లమని ఒప్పించడం ఏ పుస్తకంలోనూ నేర్పరు. ఒక్కసారి పట్టడం మరిచినా ఆ రోజు లెక్క తప్పుతుంది.

కాబట్టి మీ అమ్మాయికి పోషకాహార శాస్త్రం ఎంత రావాలో గణాంకశాస్త్రమూ అంతే రావాలి. ఊళ్లో అందరూ తాము తిన్నదాంట్లో సరిగ్గా సగమే చెప్పినా, చెప్పినదీ తిన్నదీ కలిసి పెరిగి తగ్గుతున్నాయో లేదో చూపే సహసంబంధం 1 అని, అంటే పూర్తిగా కలిసినట్టు వస్తుంది, కొలత మాత్రం సగానికి సగం తప్పు. ఈ తేడాను పట్టుకునే పద్ధతిని గణాంకశాస్త్రవేత్తలు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో వివరించారు. ఆమె దాన్ని ఇప్పుడే నేర్చుకోవడం మంచిది.

చదువు కోసం దూరం వెళ్లనక్కరలేదు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. అక్కడ ప్రవేశ పరీక్ష ద్వారా ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్‌లో చేరవచ్చు. ఆ సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల్లో 528 ఆహార పదార్థాల పోషక విలువలున్నాయి. మన సర్వపిండి లెక్క కావాలంటే మాత్రం బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, నూనె విడివిడిగా తూచుకోవలసిందే.

జీతం సంగతి దాచను. ఎమ్మెస్సీ తర్వాత దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నంతకాలం ఉండే కాంట్రాక్టు కొలువులు. స్థిరపడాలంటే పీహెచ్‌డీ దాకా చదవాలి. అన్నేళ్లు మీరు ఆగగలరో లేదో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

దరఖాస్తు చేసే ముందు ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. వంటింటి త్రాసుతో వారం రోజులు మీ పళ్లెంలో వడ్డించినదీ, మీరు మిగిల్చినదీ తూచి రాసిపెట్టమనండి. మరునాడు మిమ్మల్ని అడిగి, మీరు చెప్పినదాన్ని పక్కనే రాయమనండి. రెండు లెక్కలూ కలవవు. ఎందుకు కలవలేదో ఆమె మీకు ఓపికగా వివరిస్తే, ఆ ప్రవేశ పరీక్షకు ఫీజు కట్టండి.